పురుగు లోపల, మందు పైన

మామిడి కాపు చివరికొచ్చే రోజుల్లో మా గూడెం నుంచి పది పదిహేను మందిమి తోటల్లోకి కూలికి పోతాము. దోర్నాల నుంచి యర్రగొండపాలెం దాకా, అటు అర్ధవీడు, గిద్దలూరు వైపు కూడా, నల్లమల అంచున మామిడి తోటలున్నాయి, బత్తాయి తోటలున్నాయి. కాయ కోయడం, గంపలకెత్తడం, పాదులు తవ్వడం, వీపున ట్యాంకు కట్టుకుని మందు కొట్టడం మా పని. ఒక ఏడు తొలకరి జల్లు పడిన తర్వాత ఒక తోటలో కాయ ముట్టుకుంటే మెత్తగా దిగబడిపోయేది. పైన చూస్తే సూదితో గుచ్చినంత చుక్క. కోసి చూస్తే లోపల తెల్లటి పురుగులు లుకలుకలాడుతున్నాయి. తోట రైతు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రమే మందు డబ్బా తెప్పించి చెట్లకు నిలువునా కొట్టమన్నాడు.

మాతో కూలికొచ్చిన ముసలమ్మ ఒక కాయను రెండు చెక్కలు చేసి ఆయన ముందు పెట్టి అన్నది: "పురుగేమో లోపలుండె. మందేమో పైన కొట్టమంటివి. ఇదేం లెక్కబ్బా?"

రైతు సమాధానం చెప్పలేదు. చెప్పేంత తీరిక ఆయనకు లేదు. మేము మందు కొట్టాము, కూలి తీసుకున్నాము. కానీ ఆ మాట మాతోనే గూడేనికి వచ్చింది. ఇన్నేళ్లయినా పోలేదు. అది ఒక పురుగు గురించి అడిగిన మాట మాత్రమే కాదని మాకు అనిపిస్తుంది. తప్పు చేసిందెవరో తెలుసుకోకుండా శిక్ష వేయొచ్చా అన్నది అందులో ఉన్న ప్రశ్న. ఈ వ్యాసంలో దాన్నే తరచి చూడాలనుకుంటున్నాము.

ముందుగా ఒకటి ఒప్పుకోవాలి. మేము ఏ జీవినీ చంపకూడదని చెప్పేవాళ్లం కాము. మేము చెంచులం. మా తాతలు విల్లు పట్టినవాళ్లు. తేనె తీసేటప్పుడు పొగపెట్టి ఈగను లేపినవాళ్లం. రైతు నష్టం కూడా మాకు తెలుసు. పశ్చిమ ప్రకాశంలో వాన నమ్మకం లేనిది, బోరు నమ్మకం లేనిది. అప్పు తెచ్చి నీళ్లు పెట్టి పెంచిన చెట్టు కాయ కోతకొచ్చాక కుళ్లితే ఆ ఇంట్లో పొయ్యి మీద దాని ప్రభావం ఉంటుంది. ఆ తోటలో కూలి దొరక్కపోతే మా పొయ్యి మీదా ఉంటుంది. కాబట్టి పురుగును చంపొచ్చా లేదా అన్నది మా ప్రశ్న కాదు. ఎవరిని, ఎంత, ఏం తెలుసుకున్నాక అన్నదే ప్రశ్న.

అందుకే ముందు ఆ ఈగ సంగతి తెలుసుకుందాం.

మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలను చూసి చాలామంది ఇవే పండు ఈగలనుకుంటారు. అవి వేరు. అవి పులిసిపోయిన, కుళ్లిన పండు కోసం వస్తాయి. గట్టిగా ఉన్న మామిడికాయకు అవి చేసే చేటు లేదు. మామిడిని పాడుచేసే పండు ఈగ ఇంట్లో తిరిగే ఈగంత ఉంటుంది. గోధుమ రంగు ఒళ్లు, దాని మీద పసుపు మచ్చలు, చూడగానే చిన్న కందిరీగేమో అనిపిస్తుంది. శాస్త్రవేత్తలు దాన్ని బాక్ట్రోసెరా డోర్సాలిస్ అంటారు. ఆడ ఈగ తోక చివర సూదిలాంటి గొట్టం ఉంటుంది. కాయ పండుబారే వేళకు ఆ గొట్టాన్ని తోలులోకి దించి లోపల గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్డు పగిలి పురుగు బయటికొస్తుంది, గుజ్జు తింటూ పెరుగుతుంది. కాయ కుళ్లి నేల రాలుతుంది. పెరిగిన పురుగు కాయలోంచి బయటపడి మట్టిలోకి దూరుతుంది. రెండు మూడు వేళ్ల లోతున గింజలాంటి గూడులో ముడుచుకుంటుంది. పది రోజులు అటూ ఇటూగా రెక్కలొచ్చి పైకి లేస్తుంది. లేచిన ఈగ వెంటనే గుడ్లు పెట్టలేదు. వారం పైన మాంసకృత్తుల తిండి తింటేనే దాని కడుపులో గుడ్డు తయారవుతుంది. ఆ తిండి కోసం చుట్టుపక్కల చెట్ల ఆకుల మీద తిరుగుతుంది, ఆ నీడలోనే ఉంటుంది. ఒక ఆడ ఈగ తన బతుకులో వెయ్యికి పైగా గుడ్లు పెట్టగలదు. వానలు మొదలై గాలిలో తేమ పెరిగితే వీటి సంఖ్య పెరుగుతుంది. అందుకే ముందు కోసిన కాయ కంటే ఆలస్యంగా కోసిన కాయకు దెబ్బ ఎక్కువ.

ఇప్పుడు ముసలమ్మ మాట మళ్లీ వినండి. గుడ్డు తోలు కింద ఉంది. పురుగు గుజ్జులో ఉంది. గూడు మట్టిలో ఉంది. రెక్కలొచ్చిన ఈగ చాలాసేపు పక్క చెట్టు మీద ఉంది. కాయ మీద పిచికారీ చేసిన మందు వీటిలో ఎన్నింటిని తాకుతుంది? కాయ మీద వాలిన నాలుగు ఈగలు చస్తాయేమో. మిగిలిన మందంతా ఎవరికి చేరింది?

ట్యాంకు మోసిన మా కుర్రవాళ్ల వీపుకు చేరింది. ముఖానికి తువ్వాలు కట్టుకుని కొట్టినా ముక్కులోకి చేరింది. ఆకుల మీద తిరిగే సాలీళ్లకు, పురుగులను తినే పురుగులకు చేరింది. పండు ఈగ గుడ్డులోనే తన గుడ్డు పెట్టి దాన్ని లోపలి నుంచే అణచే చిన్న కందిరీగలున్నాయి. వాటికీ చేరింది. రైతు పక్షాన పనిచేసే కూలివాళ్లను రైతే చంపుకున్నట్టు. చివరికి కాయ తినే పిల్లకు చేరింది.

మామిడి పూత మీద మందు కొడితే ఇంకా చిక్కు. పూతకు తేనెమంచు పురుగు పడుతుందని మందు కొడతారు. మామిడి పూతలో పుప్పొడి మోసి కాయ పట్టేలా చేసేవాటిలో తేనెటీగలే కాదు, మామూలు ఈగలూ ఉన్నాయి. అసలు ఈగలదే పెద్ద పాలు. ఒక ఈగ కాయను పుట్టిస్తే ఇంకొక ఈగ కాయను కుళ్లబెడుతుంది. 'ఈగ' అన్న ఒక్క పేరు కింద రెండింటినీ కట్టి కొడితే కాయ పట్టించే ఈగ కూడా పోతుంది. తోట అంచు దాటితే అడవి. అడవిలో పెరతేనె. మా గూడేలు పోగుచేసిన తేనెను గిరిజన సహకార సంస్థ కొంటుంది. మందు వాసన ఉన్న పూత మీద వాలిన తేనెటీగ తన పట్టుకు తిరిగి పోకపోతే ఆ నష్టం ఏ రైతు లెక్కలోనూ కనపడదు. మా లెక్కలో కనపడుతుంది.

పేరును బట్టి కొట్టడం మా లాంటివాళ్లకు కొత్త సంగతి కాదు. బ్రిటిషువాళ్లు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని సవరించాక మద్రాసు రాజధానిలోనూ అమలు చేశారు. మా పొరుగు ఎరుకలవాళ్లను ఆ చట్టం కింద పుట్టుకతోనే దొంగలని రాశారు. దొంగతనం ఎవరు చేశారని చూడలేదు. ఆ కులంలో పుట్టిన పసిబిడ్డ కూడా పోలీసు లెక్కలోకి ఎక్కింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అట్లాంటి సెటిల్మెంటుగానే మొదలైంది. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. చట్టం పోయినా చూపు పోవడానికి చాలాకాలం పట్టింది, ఇంకా పూర్తిగా పోలేదు.

మనిషినీ ఈగనూ ఒకటి చేస్తున్నామని ఎవరైనా అనుకోవచ్చు. చేయడం లేదు. మనిషికి ఉన్న హక్కులు ఈగకు లేవు. మేము చూస్తున్నది కొట్టించుకునేవాళ్లను కాదు, కొట్టేవాళ్ల చేతిని. ఎవరు చేశారో కనుక్కోవడానికి బద్ధకించి, కనపడిన అందరినీ కొట్టే అలవాటు ఒకసారి చేతికి పడితే, ఆ చెయ్యి పురుగు దగ్గర ఆగదు. పురుగు దగ్గర నేర్చిందే మనిషి దగ్గరా చేస్తుంది. అందుకే తోటలో న్యాయం చిన్న సంగతి కాదనుకుంటాము.

మరి పండు ఈగను ఒక్కదాన్నే పిలిచే దారి ఉందా? ఉంది. అది దొరికింది కూడా మన దేశంలోనే. బీహారులోని పూసాలో అప్పటి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన సంస్థలో ఎఫ్.ఎం. హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త ఉండేవాడు. దోమలు రాకుండా వాడే సిట్రొనెల్లా గడ్డి నూనె వాసనకు పండు ఈగలు వచ్చి వాలుతున్న సంగతి ఆయన దృష్టికి వచ్చింది. 1912లో దాని గురించి రాశాడు. వచ్చినవన్నీ మగ ఈగలే. ఆ వాసనలో ఏముందని వెతుక్కుంటూ పోయి 1915 నాటికి మిథైల్ యూజినాల్ దగ్గరకు చేరాడు. అది మనకు తెలియని పదార్థమేం కాదు. తులసి ఆకులో ఉంటుంది, ఇంకా ఎన్నో చెట్ల పూలల్లో ఆకుల్లో ఉంటుంది.

దాన్ని ఎర బుట్టల్లో వాడతారు. ఒక చిన్న చెక్కముక్కను మిథైల్ యూజినాల్‌లో నానబెట్టి, అందులో కొద్దిగా పురుగుమందు కలిపి, మూతకు వేలాడదీసి, పక్కన కన్నాలు పెట్టిన డబ్బాలో పెట్టి చెట్టుకు కడతారు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వంటి చోట్ల దీని మీద చాలా పని జరిగింది. నీళ్ల సీసాకు కన్నాలు పెట్టి చేసుకున్నా పనికొస్తుంది. మందు ఉన్నది డబ్బా లోపల, చెక్కముక్క మీద. చెట్టు మీద చుక్క పడదు. కాయ మీద పడదు. మా ముక్కులోకి రాదు. తేనెటీగ ఆ వాసనకు రాదు. అయితే ఏ ఎర ఏ ఈగకో తెలిసి పెట్టాలి. మా గుడిసెల మీదికి పాకించే బీర, సొర, కాకర పాదుల్ని గుచ్చేది వేరే పండు ఈగ. దాని మగ ఈగ మిథైల్ యూజినాల్‌కు రాదు, క్యూలూర్ అనే వేరే ఎరకు వస్తుంది. ఒకదాని బుట్ట ఇంకొకదానికి పెట్టి, 'ఇది పనిచేయదు' అని తీసి పారేసినవాళ్లను చూశాము. అక్కడ లోపం బుట్టది కాదు, తెలుసుకోకపోవడానిది.

ఇక్కడ మాలోనే ఒక వాదన వచ్చింది. ఆ మగ ఈగ ఎందుకు వస్తున్నది? ఆకలికి కాదు. మిథైల్ యూజినాల్ తిన్న మగ ఈగ దాన్ని తన ఒంట్లో మార్చుకుని ఆడ ఈగను పిలిచే వాసనగా చేసుకుంటుంది. తిన్నదానికి జోడీ దొరకడం తేలిక. అంటే అది జోడీ మీద ఆశతో వచ్చి చస్తున్నది. ఒక జీవి కోరికను దానికే ఉరిగా వేయడం మోసం కాదా అని గూడెంలో చదువుకున్న ఒక పిల్లవాడు అడిగాడు.

మోసమే. కాదని మేము అనము. వేటలో ఉచ్చు కూడా మోసమే. అడవి పందికి అది నడిచే దారిలోనే ఉచ్చు పెడతారు. కానీ ఉచ్చు పెట్టినవాడికి ఆ జంతువు ఏ దారిన, ఏ వేళకు వస్తుందో తెలిసి ఉండాలి. తెలియనివాడు దారినిండా ఉచ్చులు పెడితే పొరుగువాడి ఆవు కాలు విరుగుతుంది. పెద్దలు అలాంటివాణ్ని వేటగాడనరు. చంపక తప్పనప్పుడు, చంపాల్సిన దాన్నే చంపి మిగతావాటిని వదిలేలా చేయడానికి చాలా తెలిసి ఉండాలి. ఆ తెలివే చంపేవాడి మీద ఉన్న బాధ్యత. పిచికారీలో మోసం లేదు, నిజమే. అందులో తెలివీ లేదు. మోసం లేని పిచికారీ అందరినీ చంపుతుంది. మోసం ఉన్న బుట్ట ఒకదాన్నే చంపుతుంది. రెండిట్లో ఏది తక్కువ తప్పో మాకు తెలుస్తూనే ఉంది.

అలాగని బుట్ట కట్టి చేతులు దులుపుకుంటే సరిపోదు. బుట్టలో పడేది మగ ఈగ. గుడ్డు పెట్టేది ఆడ ఈగ. మిగిలిన నాలుగు మగ ఈగలు చాలామంది ఆడ ఈగలకు సరిపోతాయి. పైగా పక్క తోట నుంచి కిలోమీటర్ల దూరం ఎగిరొస్తాయి. ఒక్క రైతు బుట్ట కడితే ఊరి ఈగలకు ఒక్క పూట తిండి పెట్టినట్టే. ఊరంతా కడితేనే తేడా తెలుస్తుంది.

ఊరు కాదు, ఒక దీవి అంతా కలిసి చేసిన చోట్లు కూడా ఉన్నాయి. పసిఫిక్ సముద్రంలో రోటా అనే చిన్న దీవి ఉంది. 1960లలో విమానంలోంచి మిథైల్ యూజినాల్, మందు పట్టించిన అట్టముక్కలు చల్లి అక్కడ మగ ఈగలు లేకుండా చేశారు. ఆ జాతే అక్కడ తుడిచిపెట్టుకుపోయింది. జపాను వాళ్లు ఒకినావాలో ఇంకొక దారి పట్టారు. పాదుల మీద వాలే పండు ఈగలను కోట్లకొద్దీ పెంచి, సంతానం కలగకుండా చేసి వదిలారు. వాటితో జోడీ కట్టిన ఆడ ఈగల గుడ్లు పొదగలేదు. ఇరవై ఏళ్లు పట్టింది. 1993కు ఆ దీవుల్లో ఆ ఈగ లేదు.

ఆ కథలు విన్న రైతు ఇక్కడ కూడా అట్లా మొత్తం పోగొట్టాలని కోరుకుంటాడు. కానీ ఆ దీవులకు ఆ ఈగ బయటి నుంచి వచ్చింది. ఆఫ్రికాలోనూ మామిడి ఈగను 2003లో కెన్యాలో మొదటిసారి చూశారు. ఇక్కడ అది వలస వచ్చింది కాదు. దాని పుట్టిల్లు ఆసియానే. మన మామిడిలాగే అది ఈ ఖండంలోనే పుట్టి పెరిగింది. ఆగ్నేయాసియా అడవుల్లో బల్బోఫిల్లమ్ జాతి ఆర్కిడ్ పూలు కొన్ని ఇదే మిథైల్ యూజినాల్ వాసనతో పండు ఈగను పిలుస్తాయి. ఈగకు తన వాసన దొరుకుతుంది. దాని వీపుకు అంటుకుని పుప్పొడి ఇంకొక పూవుకు చేరుతుంది. మన తోటలో చీడ అయినది ఆ పూవుకు పెళ్లి పెద్ద. పుట్టుకతో ఏదీ చీడ కాదు. ఎక్కడ, ఎంత, ఏం చేసిందన్న దాన్ని బట్టే అది చీడ అవుతుంది. పుట్టింటి నుంచి దేన్నైనా వెళ్లగొట్టాలని ఎవరన్నా మాకు ఒళ్లు జలదరిస్తుంది, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. మేము కోరేది అదుపు, తుడిచిపెట్టడం కాదు.

అదుపు ఎక్కడ మొదలవుతుంది? నేల మీద. రాలిన కాయ దగ్గర.

కుళ్లి రాలిన ఒక్క కాయలో పదుల పురుగులుంటాయి. రెండు మూడు రోజులు అక్కడే వదిలేస్తే అవన్నీ మట్టిలోకి పోతాయి. ఏరి రెండడుగుల లోతు గుంటలో వేసి మట్టి కప్పినా, నల్ల ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి ఎండలో పడేసినా అవి పైకి రావు. చెట్టు కింద నేల దున్ని తిరగేస్తే గూళ్లు ఎండకూ పక్షులకూ దొరుకుతాయి. ఖర్చు లేని మందు ఇదే. హవాయి దీవుల్లో దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోయారు. ఒక గుడారంలాంటిది చేశారు, దాని పేరు అగ్మెంటోరియం. ఏరిన పుచ్చు కాయలన్నీ అందులో పోస్తారు. పైన ఒక జల్లెడ గుడ్డ ఉంటుంది. ఆ కన్నాల్లోంచి పండు ఈగ బయటికి పట్టదు. ఈగను తినే చిన్న కందిరీగ పడుతుంది. తప్పు చేసినవాణ్ని ఆపి, మంచివాణ్ని తోటలోకి వదిలే జల్లెడ అది. శిక్ష గురించి ఇంత బాగా ఆలోచించిన వస్తువును మేము ఇంకొకటి వినలేదు.

మరి ఇంత తేలికైన పని ఎందుకు జరగదు? అందులో గొప్ప లేదు. మందు కొడితే ఏదో చేశామన్న తృప్తి ఉంటుంది. రాలిన కాయ ఏరడం ముసలమ్మల పని, పిల్లల పని. అమ్ముడుపోని కాయకు కూలి ఎందుకని రైతు అనుకుంటాడు. కాపు గుత్తకు తీసుకున్నవాడు మంచి కాయ కోసుకుని పోతాడు, పుచ్చు కాయ నేలకు వదులుతాడు. అక్కడ పుట్టిన ఈగ పక్క రైతు మీదికి పోతుంది. మన నేల మీద మనం ఎత్తని కాయ పక్కవాడి నెత్తిన పడుతుందని అనుకుంటే, ఆ కాయ ఏరడం మర్యాద కాదు, బాకీ. బాకీ అయితే దానికి కూలీ ఉండాలి. మందు కొట్టినవాడికి ఇచ్చినంతా ఏరినవాళ్లకూ ఇవ్వాలి.

ఇక్కడ మా మీద కూడా ఒక మాట ఉంది. ఈగలు అడవిలోంచి వస్తున్నాయి, మీ అడవి మామిళ్లే వాటికి పుట్టిల్లు అంటారు. అందులో కొంత నిజముంది. అడవి మామిడి పండులోనూ పండు ఈగ పెరుగుతుంది. కానీ అడవిలో చెట్టు చెట్టుకూ దూరం. రాలిన పండు పందికీ, దుప్పికీ, ఎలుగుకూ తిండి. పురుగు మట్టిలోకి పోయేలోపే చాలా పండు కడుపుల్లోకి పోతుంది. ఒకే చెట్టును వందల ఎకరాల్లో పెట్టి, రాలింది తినే జంతువును తోలేసి, ఏరే మనిషికి కూలి ఎగ్గొట్టినచోటనే ఈగకు పండగ. అడవి ఈగకు ఇల్లు ఇచ్చింది. విందు పెట్టింది మాత్రం తోట.

బత్తాయి తోటల్లో ఇంకొక చిక్కు చూశాము. రాత్రిపూట వచ్చి కాయ రసం పీల్చే పెద్ద రెక్కల పురుగు ఉంది. దాని పిల్లలు తిప్పతీగ, దూసరితీగ ఆకు తిని పెరుగుతాయి. అందుకని తోటల చుట్టూ ఆ తీగలు పెరికేయమని సలహా ఉంది. తోట కంచె మీద తీగ పెరికితే మేము కాదనము. కానీ ఆ సలహా కంచె దాటి అడవిలోకి వస్తే ఒప్పుకోము. తిప్పతీగ మాకు జ్వరం మందు. ఒకరి చీడకు ఆకు ఇంకొకరి రోగానికి మందు అయినప్పుడు గీత ఎక్కడ గీయాలో ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. కొడవలి చేతిలో ఉన్నవాడు ఒక్కడే గీయకూడదు. సాయంత్రం పొగ పెట్టడం, కాయకు సంచి తొడగడం, రాలిన కాయ ఏరడం వంటి దారులు అక్కడా ఉన్నాయి.

'ప్రకృతికి మేలు చేసేది' అన్న పేరు మీద కూడా మేము గుడ్డిగా చెయ్యెత్తము. మా జిల్లాలో పొగాకుకు కొదవలేదు. పొగాకు, మిరప, వెల్లుల్లి నూరి కాచిన కషాయం ఎవరికీ హాని చేయదని నమ్మేవాళ్లున్నారు. పొగాకులో ఉన్న నికోటిన్ కూడా విషమే. దుకాణంలో కొన్నదానికి బదులు పొయ్యి మీద కాచినంత మాత్రాన అది ఈగనూ తేనెటీగనూ వేరుచేసి చూడదు. వేప గింజల కషాయం ఆడ ఈగ గుడ్డు పెట్టకుండా కొంత వారిస్తుంది. కాయ లోపలి పురుగును అదీ చేరలేదు. ముసలమ్మ ప్రశ్న దానికీ వర్తిస్తుంది. మందు ఎక్కడ తయారైందన్నది రెండో సంగతి. ఎవరికి తగులుతుందన్నది మొదటి సంగతి.

చివరగా కొనేవాళ్ల మాట. 2014 మే 1 నుంచి ఐరోపా దేశాలు మన మామిడినీ, కాకర, పొట్ల, వంకాయ, చేమలనూ నిలిపేశాయి. పండు ఈగ వంటి పురుగులు పెట్టెల్లో కనపడ్డాయని కారణం. మరుసటి ఏడు మొదట్లో మామిడి మీద నిషేధం ఎత్తేశారు. కాయను 48 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచితే లోపలి గుడ్డూ పురుగూ చస్తాయి, కాయ చెడదు. అలాంటి ఏర్పాట్ల మీద ఎగుమతి మళ్లీ సాగింది. ఇక్కడా లోపలి పురుగును చేరింది వేడి, పిచికారీ కాదు. కానీ ఆ వేడినీళ్ల తొట్టి దూరదేశం పోయే కాయకే. మార్కాపురం బజారులో అమ్మే కాయకు లేదు. అక్కడ కొనేవాళ్లు మచ్చలేని కాయే కావాలంటారు. ఆ మచ్చ పోవడానికి ఎన్ని ట్యాంకులు ఎవరి వీపున మోశారో అడగరు. సూదిగుచ్చు ఒకటి కనపడిన కాయను కోసి, చెడినచోట తీసేసి, తక్కింది తినొచ్చా అని మా పిల్లలు అడగరు, తినేస్తారు. అందరూ అట్లా తినాలని మేము చెప్పము. కానీ మచ్చ మీద అంత కోపం ఉన్నవాళ్లు మందు మీద కొంచెమైనా అనుమానం పెట్టుకోవాలి కదా.

గడ్డ తవ్వేటప్పుడు తీగ మొదలు కొంత వదలమని మా పెద్దలు చెప్పేవాళ్లు. తేనె పట్టులో కొంత ఈగకు వదలమనేవాళ్లు. మళ్లీ ఏడు మళ్లీ అదే చోటికి రావాలి కాబట్టి. అది దయ కాదు, లెక్క. పండు ఈగ విషయంలో కూడా మాకు దయ కంటే లెక్క మీదే నమ్మకం ఎక్కువ. మనకు తెలియకుండా కొట్టే ప్రతి దెబ్బా తిరిగి మళ్లీ ఏడు మన మీదికే వస్తుంది.

మొన్న కాపు చివర అదే రైతు మళ్లీ పిలిచాడు. పోయే ముందు గూడెంలో కూర్చుని మాట్లాడుకుని, మూడు సంగతులు చెప్పాము. పూత మీద మందు కొట్టము. కాయలు పండుబారే ముందే బుట్టలు కడతాము, పక్క తోటవాళ్లనూ మీరే అడగండి. రాలిన కాయ రెండు రోజులకొకసారి ఏరతాము, దానికి కూలి ఇవ్వండి. ఆయన మొదటిదానికి తల ఊపాడు. రెండోదానికి, "అడిగి చూస్తాలే" అన్నాడు. మూడోదానికి చాలాసేపు ఆలోచించి, సగం కూలి అన్నాడు.

ముసలమ్మ ఒప్పుకోలేదు. "వంగి ఏరితే నడుము సగమే నొస్తదా?" అన్నది.

ఆ బేరం ఇంకా తెగలేదు.